వారానికి 40 గంటలు: ఆటిజం థెరపీలో ఆ లెక్క ఎలా పుట్టింది?

రెండున్నరేళ్ల బిడ్డకు ఆటిజం అని తేలగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న 'మాటలొస్తాయా డాక్టర్ గారూ?' ఆ వెంటనే అడిగేది 'ఎన్ని గంటలు థెరపీ చేయించాలి?' వారానికి 40 గంటలన్నది ఎక్కువగా వినిపించే జవాబు. అంత ఖర్చు భరించలేనివాళ్లు బిడ్డకు అన్యాయం చేస్తున్నామని కుమిలిపోతుంటారు. ఇది కాకి లెక్కేం కాదు. దాని వెనుక పరిశోధన ఉంది. కానీ ఆ పరిశోధన ఎలా జరిగిందో చాలామందికి ఎవరూ చెప్పరు.

ఆటిజాన్ని విడిగా గుర్తించి 1943లో వ్యాసం రాసినవాడు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్. ఆయన చూసిన 11 మంది పిల్లల్లో ముగ్గురికి మాటల్లేవు. మాటలున్నవాళ్లు కూడా విన్నదాన్ని విన్నట్టే తిప్పి అనేవారు. మన ఇళ్లలోనూ ఇది కనిపిస్తుంది. దాహమేసిన పిల్లాడు 'నీళ్లు కావాలి' అనడు. అమ్మ రోజూ అడిగే 'నీళ్లు కావాలా నాన్నా?' అనే ప్రశ్ననే ఆమె యాసతో సహా అంటాడు. వాడు అడగడం అదే.

ఆ తర్వాత చాలా ఏళ్లు నింద తల్లుల మీద పడింది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్న వాదనను షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ జనంలోకి తీసుకెళ్లాడు. సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో దాన్ని గట్టిగా ఖండించాడు. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి ఆయన.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైకాలజిస్టు ఐవార్ లోవాస్ ప్రయోగాలు మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. మాటల్లేని ఆరేళ్ల పిల్లలిద్దరికి మాటలు నేర్పిన తీరును ఆయన బృందం 1966లో ప్రచురించింది. మొదట నోట ఏ శబ్దం వచ్చినా కాస్త తిండి పెట్టేవారు. తర్వాత పెద్దవాళ్లు శబ్దం చేసిన 6 సెకన్లలోపు చేస్తేనే పెట్టేవారు. ఆ తర్వాత అదే శబ్దాన్ని పోలి ఉంటేనే. అలా శబ్దాలు, పదాలు వచ్చాయి. దెబ్బలూ పడ్డాయి. కొన్ని ప్రయోగాల్లో విద్యుత్ షాకులు కూడా ఇచ్చారు. ఈ సంగతి దాటేసి, ఇలా బహుమతులతో, శిక్షలతో ప్రవర్తనను మలిచే బిహేవియర్ థెరపీ చరిత్ర చెప్పడం ఆ పిల్లలకు అన్యాయం.

1973లో అదే బృందం మరో నిజం బయటపెట్టింది. థెరపీ తర్వాత సంరక్షణాలయాలకు తిరిగివెళ్లిన పిల్లలు నేర్చుకున్నది పోగొట్టుకున్నారు. పద్ధతి నేర్చుకున్న తల్లిదండ్రుల దగ్గర పెరిగినవాళ్లు నిలుపుకున్నారు. అప్పటిదాకా నిందలు మోసిన అమ్మానాన్నలు ఇక్కడి నుంచి చికిత్సలో భాగస్వాములయ్యారు. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

40 గంటల లెక్క 1987 నాటిది. నాలుగేళ్లలోపు పిల్లలు 19 మందికి రెండేళ్లకు పైగా వారానికి 40 గంటలు థెరపీ ఇస్తే, 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తిచేశారని, వాళ్ల ఐక్యూ సాధారణ స్థాయికి చేరిందని లోవాస్ ప్రకటించాడు. వారానికి 10 గంటలో అంతకన్నా తక్కువో థెరపీ అందిన పిల్లలకు అలాంటి ఫలితాలు రాలేదు. ప్రపంచమంతా ఆశతో ఊగిపోయింది. అయితే ఎవరిని ఏ బృందంలో వేయాలో చీటీ తీసి నిర్ణయించలేదు. థెరపిస్టులు దొరకడాన్ని బట్టి పిల్లల్ని కేటాయించారు. కాబట్టి తేడా అంతా థెరపీ గంటల వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేం. శిక్షలు అందులోనూ ఉన్నాయి.

దీనికి సమాంతరంగా మరో ఆలోచన బలపడింది. తల బాదుకోవడం, కొరకడం లాంటివి కూడా చాలాసార్లు బిడ్డ చెప్పాలనుకున్న మాటలేనని 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరండ్ చూపించారు. 'ఈ పని ఆపేద్దాం', 'నన్ను చూడు' అని చెప్పే దారి నేర్పితే ఆ ప్రవర్తన తగ్గింది. అదే ఏడాది డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ బొమ్మల కార్డులతో అడగడం నేర్పే పద్ధతి తయారుచేశారు. బిస్కెట్ బొమ్మ అమ్మ చేతిలో పెడితే బిస్కెట్ వస్తుంది. కార్డులిస్తే బిడ్డ ఇక నోరు తెరవడని ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతుంటారు. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించలేదు.

తర్వాత థెరపీ కుర్చీ, బల్ల వదిలి ఆటలోకి దిగింది. ఊయల ఆపి, బిడ్డ కళ్లతోనో చేత్తోనో 'మళ్లీ' అని అడిగేదాకా ఆగి, అడగగానే ఊపడమన్నమాట. ఇలా ఆటలోనే నేర్పే డెన్వర్ పద్ధతిని సైకాలజిస్టులు శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ రూపొందించారు. దాన్ని 18 నుంచి 30 నెలల పిల్లల మీద పరీక్షించి, 2010లో మంచి ఫలితాలు చూపారు. మరోవైపు ఆటిజంతోనే పెరిగి పెద్దయినవాళ్లు గొంతెత్తారు. కళ్లలోకి చూడమని బలవంతం చేయడం, చేతులు ఆడించకుండా ఆపడం తమకు గాయాలే మిగిల్చాయన్నారు. వాళ్ల మాట వినకుండా ఏ సెంటరూ నడవకూడదు.

2024లో 144 అధ్యయనాలను కలిపి విశ్లేషిస్తే, గంటలు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. దీన్నిబట్టి థెరపీ అక్కర్లేదని కాదు. తొందరగా మొదలుపెట్టడం మంచిదే. 40 గంటలు చేయించలేకపోయినందుకు బిడ్డ భవిష్యత్తు పాడైందని మాత్రం ఎవరూ అనలేరు.

మనకు దగ్గరి ఉదాహరణ గోవాలో ఉంది. అక్కడా, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ నిపుణులు కాని కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. అమ్మ బిడ్డతో ఆడుతుంటే వీడియో తీసి, ఆమెతో కలిసి చూస్తూ ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో మాట్లాడేవారు. ఆరు నెలల్లో 12 సార్లు. 2016లో వెలువడిన ఫలితాల్లో పిల్లలు తమంతట తాము అమ్మానాన్నలను పలకరించడం పెరిగింది. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం 'రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం' కింద జిల్లాల్లో ఏర్పాటైన బాల చికిత్సా కేంద్రాలు ఈ పనిని తెలుగులో, ఉచితంగా చేయగలవు. అందుకు కావాల్సింది శిక్షణ, సిబ్బంది.