పార్కు పిల్లులు: మనం నమ్మేవి, అసలు జరిగేవి

హనుమకొండలో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తుంటాను. ఉదయం నడకకు వచ్చే కొందరు, రిటైరైన టీచర్లు, గేటు ముందు చాయ్ బండి నడిపే దంపతులు కలిసి పార్కులో ఉండే పిల్లుల బాగోగులు చూసుకుంటున్నారు. వాళ్లు బోనులో పట్టి తెస్తే నేను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, కోలుకున్నాక తిరిగి పంపిస్తాను. బోనులు, మందులు, మత్తు ఇంజెక్షన్ల ఖర్చు ఎలాగో సమకూరుతుంది. పిల్లుల మీద జనంలో పాతుకుపోయిన నమ్మకాలను కదిలించడమే కష్టం. వాటిలో కొన్ని పిల్లి అంటే పడనివాళ్లవి, కొన్ని పిల్లి అంటే ప్రాణం ఇచ్చేవాళ్లవి. రెండు రకాలూ పిల్లుల ప్రాణాల మీదికే తెస్తున్నాయి.

అపోహ: “బువ్వ పెట్టుడు బంద్ చేయుండ్రి, అవే పోతయి.”

పోవు. పార్కు పిల్లికి మనం పెట్టే అన్నం ఒక్కటే ఆధారం కాదు. బజ్జీల బండి దగ్గర పడేసిన కాగితాలు, చికెన్ షాపు వ్యర్థాలు, ఫంక్షన్ హాలు వెనక విస్తళ్లు, చిట్టెలుకలు, బల్లులు ఉండనే ఉన్నాయి. తిండి తగ్గితే అది చుట్టుపక్కల ఇళ్ల వంటగదుల్లోకి దూరుతుంది. అర్ధాకలితో ఉన్న ఆడపిల్లి కూడా ఎదకు వస్తుంది, చూడి కడుతుంది, ఈనుతుంది. పుట్టిన కూనలు చిక్కిపోయి చస్తాయి, అంతే.

తిండి పెట్టేవాళ్లను తరిమేస్తే ఇంకో నష్టం ఉంది. ఏ పిల్లి చూడితో ఉంది, ఏది కుంటుతోంది, ఏది కొత్తగా వచ్చింది అన్నది రోజూ చూసేవాళ్లకే తెలుస్తుంది. రోజూ ఒకే వేళకు తిండికి వచ్చే పిల్లినే బోనులో పట్టగలం.

అలాగని ఎక్కడ పడితే అక్కడ పెరుగన్నం కుప్పలు పోయడం సేవ అనిపించుకోదు. దానికి కుక్కలు, పందికొక్కులు, చీమలు చేరతాయి, నడిచేవాళ్లకు కోపం వస్తుంది, ఆ కోపం పిల్లుల మీదికి మళ్లుతుంది. ఒకే చోటు, ఒకే వేళ, అరగంటలో తినగలిగినంత. తిన్నాక గిన్నెలు తీసేయాలి, నీళ్ల మూకుడు మాత్రం ఉంచాలి. మన ఎండాకాలంలో తిండి కంటే నీళ్లే ముఖ్యం. 2023 జంతు జనన నియంత్రణ నియమాల్లో 20వది ఈ విషయం గురించే. సమాజంలో బతికే జంతువులకు తిండి పెట్టే ఏర్పాటును కాలనీ సంఘమో స్థానిక సంస్థ ప్రతినిధో చూడాలని, ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికీ రాకపోకల దారులకూ దూరంగా ఉండాలని, చెత్త మిగలకూడదని అందులో ఉంది. పార్కు సిబ్బందితో మాట్లాడేటప్పుడు ఆ నియమం ప్రింటు చేతిలో ఉంటే మాట సాఫీగా సాగుతుంది.

అపోహ: “సంచిలో కట్టి ఊరవతల వదిలేస్తే పాపం అంటదు, పీడా పోతుంది.”

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మన పెద్దలు అనేవారు. ఆ భయంతోనే చాలామంది చంపరు గానీ గోనెసంచిలో మూతి కట్టి, బండి మీద పెట్టుకుని కాజీపేట దాటాక ఎక్కడో విప్పేస్తారు. ఆ పిల్లికి అక్కడ నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలియదు, కుక్క తరిమితే ఎక్కాల్సిన గోడ ఏదో తెలియదు. పాత చోటు వెతుక్కుంటూ రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతుంది. అది పాలిచ్చే తల్లి అయితే పొదలో దాని కూనలు ఒకటి రెండు రోజుల్లో చనిపోతాయి.

ఖాళీ అయిన చోటుకు కొత్త పిల్లులు వస్తాయి, ఎందుకంటే తిండీ నీడా అక్కడే ఉన్నాయి. వచ్చినవాటికి ఆపరేషన్ అయి ఉండదు కాబట్టి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆకలికీ దాహానికీ గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు.

అపోహ: “ఇంట్లో పెంచిన పిల్లిని పార్కులో వదిలితే తోటివాటితో కలిసిపోతుంది.”

కలవదు. ఉన్న పిల్లులు దాన్ని కొట్టి తరుముతాయి. పిల్లి మనిషికి మచ్చిక అయ్యేది పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ వయసులో మనిషి చెయ్యి తగలని పిల్లి పెద్దయ్యాక ఇంట్లో ఇమడదు, దానికి పార్కే ఇల్లు. ఇంట్లో పెరిగింది ఇందుకు పూర్తిగా తలకిందులు. కొత్తగా కనబడి, కాళ్ల చుట్టూ తిరుగుతూ అరుస్తోందంటే ఎవరో వదిలేసిన పిల్లి అని అర్థం. అలాంటిదానికి ఆపరేషన్ చేసి పార్కుకు పంపడం నాకు ఇష్టం ఉండదు, ఇల్లు వెతకాలి.

అపోహ: “పాలు పోస్తే చాలు. జ్వరం వస్తే పారాసెటమాల్ అర ముక్క.”

పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉడికించిన చికెన్, ముళ్లు తీసిన చేప, గుడ్డు, లేదంటే పిల్లుల కోసం దొరికే తిండి పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడకూడదు.

పారాసెటమాల్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఒక్క మాత్ర చాలు పెద్ద పిల్లి చనిపోవడానికి. కుక్కలకు వాడే పెర్‌మెత్రిన్ పేలమందు కూడా అంతే. తెలియక ఇచ్చేస్తే ఎంత ఇచ్చారో చెప్పి వెంటనే తీసుకురండి. తిడతారేమోనని దాచొద్దు.

అపోహ: “తల్లి వదిలేసి పోయింది, కూనలు ఒంటరివయ్యాయి.”

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనకు చిన్నప్పటి నుంచే తెలుసు. ఇది నూటికి నూరుపాళ్లు కాకపోయినా చాలావరకు నిజమే. చీమలు పట్టినా, వాన నీళ్లు చేరినా, గండుపిల్లి వాసన తగిలినా, మనుషులు పదే పదే తొంగి చూసినా తల్లి చోటు మారుస్తుంది. ఒక్కో కూనను మెడ దగ్గర కరచుకుని మోసుకుపోతుంది. ఆ మధ్యలో మిగతా కూనలు ఒంటరిగానే ఉంటాయి. తిండి కోసం వెళ్లినప్పుడూ అంతే. సరిగ్గా అప్పుడే నడకకు వచ్చినవాళ్ల కంట పడతాయి. జాలితో అట్టపెట్టెలో పెట్టుకుని నా దగ్గరికి తెస్తారు.

ఆ జాలి మంచిదే, కానీ నాలుగు వారాల లోపు కూనను బతికించడం ఎంత కష్టమో చెప్పాలి. రెండు నుంచి నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా, పిల్లి కూనల కోసం చేసిన పాలపొడి పట్టాలి. ఒంట్లో వేడి తగ్గకుండా చూడాలి. పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. ఆవుపాలతో పెంచబోయిన చాలా కూనలు నీళ్ల విరేచనాలతో పోతాయి.

కాబట్టి కూనలు కనబడితే ముందు దూరంగా జరగండి. పొట్ట గుండ్రంగా, ఒళ్లు వెచ్చగా, అరవకుండా పడుకున్నాయంటే తల్లి పాలిచ్చే వెళ్లింది. రెండు మూడు గంటలు దూరం నుంచే చూడండి. ఒళ్లు చల్లబడి, ఆగకుండా అరుస్తుంటేనో, చీమలు పడితేనో అప్పుడు తీసుకురండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదన్న మాట నిజం కాదు, తిరిగి పెడితే తీసుకుంటుంది. కూనలకు ఇళ్లు చూడాలనుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు సరైనది. అప్పటికి సొంతంగా తింటాయి, మచ్చిక కూడా అవుతాయి.

అపోహ: “పిల్లులుంటే గర్భిణులు ఆ పార్కుకు పోవద్దు. వెంట్రుక లోపలికి పోతే ఉబ్బసం.”

భయపెట్టేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. మొదటిసారి అది సోకినప్పుడు పిల్లి మలంలో ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని గుడ్లు పడతాయి. అవి మనకు సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. పిల్లి పక్క నుంచి పోయినంత మాత్రాన రాదు. సగం ఉడికిన మాంసం, సరిగా కడగని ఆకుకూరలు, మట్టి చేతులతో తినడం, ఇవి అసలు దారులు. గర్భిణులు పార్కు మట్టిలో చేతులు పెట్టకుండా, ఇంటికెళ్లి సబ్బుతో కడుక్కుంటే చాలు. అలర్జీ విషయానికొస్తే, దానికి కారణం పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రోటీన్. అది పడని వాళ్లకు ఇబ్బందే, మిగతావాళ్లకు ఏమీ కాదు.

రేబీస్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మనదేశంలో అది ఎక్కువగా కుక్కల నుంచే వస్తుంది, కానీ పిల్లి నుంచీ రావచ్చు. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ధారగా పారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని ఇంకో ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. మధ్యలో మానేయొద్దు.

పిల్లులంటే ప్రాణం ఇచ్చే మావాళ్ల అపోహలు

“ఒక్క పిల్లి జంట ఏడేళ్లలో 4,20,000 అవుతుంది” అనే లెక్క వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. పుట్టిన ప్రతి కూనా బతికి, ఈనుతూ పోతేనే ఆ లెక్క. అమెరికాలోని నార్త్ కరోలినాలో 169 కూనలను గమనిస్తే 127 ఆరు నెలలు నిండకుండానే చనిపోయాయి లేదా కనబడకుండా పోయాయి. ఈ సంగతి 2004లో ప్రచురితమైంది. నాకు భయం పుట్టించే అంకె ఇదే. ఆపరేషన్లు కావాలని అడగడానికి ఇది చాలు, పెద్ద అంకెతో జనాన్ని బెదిరించక్కర్లేదు.

“కడుపు నిండిన పిల్లి వేటాడదు” అన్నది ఇంకోటి. వేటాడుతుంది. పిచ్చుకలు, తొండలు, ఉడుత పిల్లలు దాని నోట పడతాయి. అందుకే చెరువు కట్టల వెంట, పక్షులు గూళ్లు పెట్టే చోట్ల పిల్లులకు తిండి కేంద్రం పెట్టొద్దని నేను గట్టిగా అంటాను. హంటర్ రోడ్డులో జూ చుట్టుపక్కల కూడా వద్దు. పిల్లుల్లో వచ్చే పాన్‌ల్యూకోపీనియా వైరస్ చిరుతలకూ సోకుతుంది, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది.

అపోహ: “ఆపరేషన్ పాపం. కనీసం ఒక్క ఈత అయినా కానివ్వాలి.”

ఒక్క ఈత వల్ల పిల్లి ఆరోగ్యానికి ఏ మేలూ లేదు. ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు నెలలకే ఎదకు వస్తుంది. 63 నుంచి 65 రోజులకు ఈనుతుంది. ఈనిన కొన్ని వారాలకే, కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకు రావచ్చు. దసరాకు పుట్టిన కూన ఎండాకాలం ముగిసేలోపు తల్లి కాగలదు. ఆరు నెలల లోపు ఆపరేషన్ జరిగిన పిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం తక్కువని 2005 నాటి అధ్యయనం తేల్చింది. గండుపిల్లికి చేస్తే కొట్లాటలు, రాత్రి అరుపులు, గోడల మీద కంపు తగ్గుతాయి. పుండ్లు పడి చీము పట్టిన గండుపిల్లులు కూడా తగ్గుతాయి.

సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ క్యాంపస్‌లో 1991లో ఈ పని మొదలుపెట్టారు. 1996లో 68 పిల్లులుండగా 2002 నాటికి 23 మిగిలాయి. అందులో ఇళ్లకు పంపిన వాటి పాత్ర కూడా పెద్దదే. ఏళ్లు పడుతుందన్నది వరంగల్‌లోనూ నిజం. పార్కులో నూటికి 70, 80 పిల్లులకు ఆపరేషన్ అయ్యేదాకా తేడా కంటికి కనబడదు. రెండు పిల్లులకు చేయించి ఆపేస్తే వాటికి మేలే, పార్కు లెక్క మాత్రం మారదు.

పట్టే ముందు రోజు సాయంత్రం నుంచి తిండి ఆపాలి. బోనులో ఎండు చేప ముక్క పెట్టి దూరంగా ఉండాలి, తలుపు పడగానే దుప్పటి కప్పాలి. చీకట్లో పిల్లి శాంతిస్తుంది. రొమ్ములు పాలతో ఉంటే కూనలు ఎక్కడున్నాయో ముందు వెతకాలి. ఆడపిల్లికి పక్కటెముకల వెనక కోత పెట్టడం నాకు అలవాటు, అప్పుడు కుట్టును దూరం నుంచే చూడవచ్చు. గండుపిల్లిని ఒక రోజు, ఆడపిల్లిని రెండు రోజులు ఉంచి, పట్టిన చోటే వదులుతాం.

మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసను సుమారు ఒక సెంటీమీటరు కత్తిరిస్తాం. దాన్ని చూసి “ఎవరో చెవి కోశారు” అని బాధపడుతూ ఫోన్లు చేస్తారు. నొప్పి తెలియదు, రెండు మూడు రోజుల్లో మానుతుంది. ఆ గుర్తు లేకపోతే అయిన పిల్లినే మళ్లీ పట్టి, మళ్లీ మత్తిచ్చి, కోసి చూడాల్సి వస్తుంది. చెవి కొస లేని పిల్లి కనబడితే దాన్ని దాని మానాన వదిలేయండి. రెండు చెవులూ నిండుగా ఉన్న పిల్లి మీ పార్కులో కొత్తగా కనబడితే ఫోటో తీసి, అక్కడ తిండి పెట్టేవాళ్లకు ఆ వారంలోనే చెప్పండి.