ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి: ఓరుగల్లు బడుల వెనకటి కథ

2022లో వరంగల్‌కు యునెస్కో లెర్నింగ్ సిటీల జాబితాలో చోటు దక్కింది. ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకోదగిన వార్తే. అదే ఏడాది ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు మళ్లీ మొదటి నుంచి నేర్పడం దాని పని. జీవితాంతం నేర్చుకునే నగరమని పేరు వచ్చిన ఏడాదే, అక్షరాలు కూడబలుక్కుంటున్న నాలుగో తరగతి పిల్లల కోసం ప్రత్యేక పథకం కావలసి వచ్చింది.

ఈ వెనకబాటు ఒక్క వరంగల్‌దే కాదు. దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, కొవిడ్ తర్వాత 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతమని, ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు స్థాయి చూసే ‘అసర్’ సర్వే లెక్క. అంటే ఆరేళ్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాం. ఆ సర్వే చేసే తీరు చాలా మామూలుగా ఉంటుంది. ఇంటికి వచ్చిన వాలంటీరు పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇస్తాడు. అందులో అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ ఉంటాయి. రాయనక్కర్లేదు, పైకి చదివితే చాలు. వేలు పెట్టి ఒక్కో అక్షరం పలుకుతూ వాక్యం చివరికి చేరేసరికి, మొదట ఏం చదివాడో మరిచిపోయే పిల్లవాడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాడు.

ఎందుకిలా అని అడిగితే సార్లు తల్లిదండ్రుల వైపు, తల్లిదండ్రులు సార్ల వైపు చూపిస్తారు. ఇద్దరూ కలిసి తప్పు పట్టేది మాత్రం ఫెయిల్ చేయకుండా పై తరగతికి పంపే పద్ధతిని. వీటన్నిటిలో కొంత నిజం ఉంది. కానీ ఉత్తర తెలంగాణలో వీటికన్నా పాతదైన కారణం ఒకటి ఉంది. ఇక్కడి బడి చాలా మంది పిల్లలతో వాళ్ల ఇంటి భాషలో మాట్లాడలేదు. పాలకులు మారినప్పుడల్లా బడి భాష మారిందే తప్ప, ఇంటికీ బడికీ మధ్య దూరం తగ్గలేదు.

నిజాం పాలనలో పై చదువుల భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన సంస్థగా గొప్ప పేరు తెచ్చుకుంది. ఆ పేరు న్యాయమైనదే. అయితే ఆ దేశభాష హనుమకొండ, కరీంనగర్ పల్లెల రైతు ఇంటి భాష కాదు. తెలుగు నేర్పే ఖాంగీ బడులు, అంటే ఊరివాళ్లు సొంతంగా నడుపుకునే బడులు, సర్కారు అనుమతి లేనిదే నడవకూడదన్న ఆంక్షలు 1920లలో వచ్చాయి. అలాంటి రోజుల్లో తెలుగు చదువుకు ఆసరా ఇచ్చినవి గ్రంథాలయాలు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే పుట్టింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసి అప్పటికి మూడేళ్లే. బడి నేర్పని భాషను పత్రికల ద్వారా, పుస్తకాల ద్వారా నేర్చుకున్న తరం ఒకటి వీటి చుట్టూ తయారైంది. ఈ ప్రాంతంలో ‘చదువుకు అండ’ అన్న మాటకు మొదటి రూపం ఇదేనని నా అభిప్రాయం. దాన్ని ప్రభుత్వం ఇవ్వలేదు, చందాలు వేసుకున్న ఊరివాళ్లు ఇచ్చారు.

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదలై, 1935లో సిరిసిల్లలో, 1937లో నిజామాబాద్‌లో సమావేశమైంది. తల్లిభాషలో ప్రాథమిక విద్య కావాలన్న కోరిక ఆ ఉద్యమంలో పదే పదే వినిపించింది. వరంగల్‌లో చందా కాంతయ్య వంటివారు పూనుకుని నిలబెట్టిన ఆంధ్ర విద్యాభివర్ధని బడి కూడా ఆ ఊపులో పుట్టిందే.

ఇదే కాలంలో ఇంకొంచెం ఉత్తరాన, ఆదిలాబాద్ అడవుల్లో, దాదాపు ఎవరూ పట్టించుకోని ప్రయోగం ఒకటి జరిగింది. 1940లో కొమురం భీం పోరాటం ముగిశాక, గోండుల స్థితిగతులు చూడమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించారు. గోండి భాషలో, నాగరి లిపిలో వాచకాలు అచ్చయ్యాయి. ఊరి కుర్రాడు సారుగా వస్తాడు, పిల్లలకు అర్థమయ్యే భాషలో మొదలుపెడతాడు, ఆ తర్వాత రాజ్యభాషకు నడిపిస్తాడు. ఇంటి భాష నుంచి బడి భాషకు మెట్టు కట్టాలన్న ఆలోచన ఈ నేలమీద అమలైంది అప్పుడే. 1948 తర్వాత ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. తెలుగు పిల్లలకు అది పెద్ద ఊరట. గోండు, కోయ, లంబాడీ పిల్లలకు మాత్రం ఒక పరాయి భాష పోయి ఇంకో పరాయి భాష వచ్చింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో పెద్ద చదువులకు ఓరుగల్లులో కొదవ లేకపోయింది. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, అదే ఏడాది కాకతీయ వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. వరంగల్ చదువుల కేంద్రమన్న పేరు వీటి వల్ల వచ్చిందే. ఊరి బడి గోడలకు ఆ వెలుగు అంతగా సోకలేదు.

ప్రాథమిక బడి మీద నిజంగా చూపు పడింది 1980ల్లో, బ్రిటన్ సాయంతో నడిచిన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం)తో. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టడం, పనుల ద్వారా నేర్పడం, వాళ్లు గీసినవి, రాసినవి గోడకు తగిలించడం, సార్లు ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకుని తమ పాఠాలు చర్చించుకోవడం దాంతోనే అలవాటయ్యాయి. 1996లో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) మొదటి విడతకు రాష్ట్రంలో ఎంచుకున్న 5 జిల్లాల్లో వరంగల్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. బడికి ఏటా 2,000 రూపాయలు, బోధన సామగ్రికి ఒక్కో ఉపాధ్యాయుడికి 500 రూపాయలు వచ్చేవి. ఈనాటి లెక్కలో ఇవి చిల్లర డబ్బులే. కానీ చార్టులు, మెరుపు అట్టలు (ఫ్లాష్ కార్డులు), గింజలు, పుల్లలు కొనాలా వద్దా అన్నది ఎవరినీ అడగకుండా సారే తేల్చుకోగలిగాడు. నాకు అందులో నచ్చింది ఆ స్వేచ్ఛే.

పథకం ముగిసినప్పుడల్లా దానితో వచ్చిన అలవాటూ ముగిసింది. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్, 2003 నుంచి బడిలోనే వండి పెట్టే మధ్యాహ్న భోజనం, 2010 నుంచి విద్యాహక్కు చట్టం వచ్చాయి. పిల్లలు బడికి రావడమన్న సమస్య చాలా వరకు తీరింది. వచ్చిన పిల్లలు నేర్చుకుంటున్నారా అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా వినిపించింది. ఒకరిద్దరు సార్లతో అయిదు తరగతులు నడిచే బడిలో వెనకబడిన పిల్లవాడి పక్కన కూర్చునే మనిషి ఎవరు? విద్యా వలంటీర్లు కొంతకాలం ఆ ఖాళీని పూడ్చారు. 2020 మార్చిలో కొవిడ్‌తో బడులు మూతపడ్డాక వాళ్ల కొనసాగింపు ఆగిపోయింది. ఆ సెప్టెంబరు నుంచి పాఠాలు యాదగిరి చానల్లో, టీశాట్‌లో వచ్చాయి. ఒకటో తరగతి పిల్లవాడికి టీవీ అక్షరం చూపిస్తుంది, పలక మీద వంకర సరిదిద్దదు.

భాష విషయంలో మంచి ప్రయత్నం ఒకటి 2004లో జరిగింది. కోయ, గోండి, కొలామి, బంజారా సహా 8 గిరిజన భాషల్లో మొదటి తరగతుల వాచకాలు తయారయ్యాయి. ఇంట్లో ‘యాడి’ అని పిలిచే తండా పిల్లకు వాచకంలో ‘అమ్మ’ బొమ్మ చూపించి మొదలుపెట్టడం కన్నా ఇది ఎంతో తెలివైన దారి. అయితే పుస్తకం ఉంటే చాలదు, ఆ భాష వచ్చిన సారు కావాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబర్ 3 ఆ అవసరాన్ని కొంత తీర్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తీర్పులోని న్యాయసూత్రం సంగతి న్యాయవాదులు చూసుకుంటారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు బడుల్లో దాని అర్థం మాత్రం కోయ మాటలు తెలిసిన సారు వస్తాడన్న హామీ పోవడమే.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. తల్లిదండ్రులు దాన్ని కోరుకున్నారు. ప్రైవేటు బడి బస్సు ఊళ్లోకి వచ్చి పిల్లలను ఎక్కించుకుపోతుంటే కోరుకోక ఏం చేస్తారు? పాఠ్యపుస్తకాలు ద్విభాషలో ఇచ్చారు. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. తెలుగు పిల్లవాడికి ఎదురు పేజీ పట్టుకొమ్మ. ములుగు ఏజెన్సీలోని కోయ పిల్లకు, మహబూబాబాద్ తండా పిల్లకు రెండు పేజీలూ పరాయివే.

2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చి, ఆ అక్టోబరులో కొత్త సార్లు, టీచరమ్మలు బడుల్లో చేరారు. ఏజెన్సీ మండలాలకు వెళ్లినవారికి కోయ గానీ బంజారా గానీ నాలుగు వారాలు నేర్పించి పంపడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ భాషలు మాట్లాడేవాళ్లు అవే మండలాల్లో ఉన్నారు, 2004 నాటి వాచకాలూ ఉన్నాయి.