సిగరెట్ వద్దు, దాని సరంజామా కావాలి

హైదరాబాద్ చుట్టుపక్కల, ముఖ్యంగా జీనోమ్ వ్యాలీ వైపు, టీకాలు, ఇంజెక్షన్లు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటిలో సీసాల్లోకి మందు నింపే గది అన్నిటికంటే శుభ్రంగా ఉండాలి. మాస్కు, గౌను, గ్లౌజులు లేకుండా ఎవరూ లోపల అడుగుపెట్టరు. అలాంటి గదిలో అప్పుడప్పుడు కావాలనే తెల్లటి పొగ వదులుతారు. అక్కడివాళ్లు దీన్ని స్మోక్ స్టడీ అంటారు. ద్రవాన్ని తుంపర చేసి పీల్పించే బ్యాటరీ పరికరం ఈ-సిగరెట్ (వేప్) ఉంది కదా, దాని లోపలి సరంజామాని మందివ్వడానికి వాడొచ్చా అన్న ప్రశ్నకి ఈ పొగనుంచే దారి ఉంది.

ఆ గది పైకప్పులో హెపా ఫిల్టర్లు ఉంటాయి. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని అవి ఆపేస్తాయి. వాటిలోంచి గాలి సెకనుకి దాదాపు 0.45 మీటర్ల వేగంతో తిన్నగా కిందికి దిగుతుంది. మూత పెట్టని సీసాల మీదుగా అదే గాలి పోవాలి, పక్క గాలి రాకూడదు. కానీ గాలి కంటికి కనబడదుగా! అందుకే పైనుంచి పొగ వదిలి వీడియో తీస్తారు. పనిచేసే మనిషి చెయ్యి చాచినప్పుడు పొగ సుడి తిరిగిందా? యంత్రం మూలలో చిక్కుకుని మళ్లీ పైకి లేచిందా? అయితే మనిషి మీది దుమ్ము కూడా అదే దారిలో సీసాలోకి వెళ్లగలదు. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ వీడియో అడిగి మరీ చూస్తారు.

ఇక్కడ ఏదో కాల్చి పొగ తెప్పించలేరు. సినిమా సెట్ల మీద వాడే ఫాగ్ మిషన్‌లో గ్లైకాల్, గ్లిజరిన్ లాంటి ద్రవాలను వేడి చేస్తారు. అది చల్లారాక పల్చటి జిడ్డు మిగులుస్తుంది. అందుకని శుద్ధమైన నీటినే అల్ట్రాసోనిక్ పద్ధతిలో సన్నటి తుంపరగా చేస్తారు. కరెంటు ఇస్తే చిన్న పీజో పలక కంటికి కనిపించనంత వేగంగా అదురుతుంది, ఆ అదురుకి నీరు పొగమంచులా లేస్తుంది, కాసేపటికి ఆవిరైపోతుంది. వెనక ఏమీ మిగలదు.

తమాషా ఏమిటంటే, నేటి ఈ-సిగరెట్ కూడా మొదట ఈ పలకతోనే పుట్టింది. చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో పేటెంటుకి పెట్టిన నమూనాలో ద్రవాన్ని తుంపర చేసింది పీజో పలకే. వేడిచేసే తీగచుట్ట, అంటే కాయిల్, తర్వాత దాని స్థానంలోకి వచ్చి స్థిరపడింది. కాబట్టి ఈ పరికరం సిగరెట్ కోసమే పుట్టిందన్నది నిజమే అయినా, దాని లోపలి భాగాలకి సిగరెట్‌తో చుట్టరికం ఏమీ లేదు. బ్యాటరీ, స్విచ్, ద్రవాన్ని సన్నటి తుంపరగా మార్చే ఒక ఏర్పాటు, అంతే. ఆ తుంపరలో నికోటిన్ పోయాలన్నది మనుషులు చేసిన ఎంపిక.

మరి అందులో మందు పోస్తే? ఆస్తమా ఉన్నవాళ్ల ఇంట్లో ఈ ప్రశ్న వేస్తే మొదట ఇన్‌హేలర్ కష్టాలే చెబుతారు. డబ్బా నొక్కడం, గాలి లోపలికి లాగడం ఒకేసారి జరగాలి. పెద్దవాళ్లు నొక్కాక ఒక క్షణం ఆగి పీలుస్తారు, మందంతా గొంతుకి తగిలి అక్కడే ఆగిపోతుంది. ఈ తంటా తప్పించడానికే డాక్టర్లు స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, ఇస్తారు. సరిగ్గా ఇక్కడే ఈ-సిగరెట్ నుంచి నేర్చుకోవలసింది ఉంది. చాలా మోడళ్లలో బటన్ ఉండదు. లోపల శనగబద్దంత సెన్సర్ ఉంటుంది, పనితీరులో అది సెల్‌ఫోన్ మైక్‌కి దగ్గరి బంధువు. మనం పీల్చగానే లోపలి పీడనం తగ్గుతుంది, పల్చటి పొర వంగుతుంది, చిప్ దాన్ని గుర్తించి బ్యాటరీని ఆన్ చేస్తుంది. శ్వాసే స్విచ్ అన్నమాట. స్ప్రింగులతో ఈ పని చేసే ఇన్‌హేలర్లు ఎప్పటినుంచో ఉన్నాయి, నిజమే. కానీ చిప్ ఉంటే ఎప్పుడు పీల్చారు, ఎంతసేపు పీల్చారు అన్నది రాసి పెట్టుకుంటుంది. పూటకి రెండుసార్లు వాడమంటే ఒకసారి వాడి, డాక్టర్ దగ్గర రెండుసార్లూ వాడానని చెప్పే మా బంధువులకి ఇది నచ్చదనుకోండి!

కాయిల్ సంగతి మాత్రం వేరు. మందు ఊపిరితిత్తుల లోపలికి చేరి నిలవాలంటే తుంపర సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. అంతకన్నా పెద్దవి గొంతులోనే తగులుకుంటాయి. ఈ-సిగరెట్ చుక్కల్లో ఎక్కువ భాగం మైక్రాన్ కంటే చిన్నవి, వాటిలో కొంత పీల్చినట్టే పీల్చి బయటికి వదిలేస్తాం. నోట్లోంచి అంత మబ్బు వస్తోందంటే ఆ మేరకు లోపల నిలవలేదనే అర్థం. సరదాకి అది గొప్ప, మందుకి నష్టం. పైగా వేడి ఎక్కువైతే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ విరిగి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి.

అయినా వేడితో మందివ్వడం కుదరదని కాదు. లోక్సపిన్ అనే మందుని పీల్చే రూపంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 డిసెంబరులో అనుమతించింది. స్కిజోఫ్రెనియా, బైపోలార్ అనే మానసిక జబ్బులు ఉన్నవాళ్లు తీవ్రంగా ఆందోళనపడుతున్నప్పుడు వాడటానికి. అందులో ద్రవమే లేదు. లోహపు రేకు మీద మందుని పల్చటి పొరగా పూస్తారు. మనిషి పీల్చగానే రేకు ఒక్కసారిగా వేడెక్కి, సెకను లోపే మందు ఆవిరై, వెంటనే గాలిలో చల్లబడి సన్నటి కణాలుగా మారుతుంది. మందు చెడిపోయేంత సమయం వేడికి దొరకదు. నాకు ఇది చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది. కానీ కొందరిలో శ్వాసనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉండటంతో, వెంటనే చికిత్స చేయగల ఆసుపత్రుల్లోనే వాడాలని షరతు పెట్టారు.

ఇన్సులిన్, టీకాల్లాంటి సరుకు వేడికి ఆగదు, విరిగిన పాలలాగే ఇక పనికిరాదు. అలాంటివాటికి మెష్ నెబులైజర్ ఉంది: కంటికి కనబడని రంధ్రాలున్న పల్చటి లోహపు పలక, కొన్ని రకాల్లో సెకనుకి లక్షసార్లకు పైగా అదురుతుంది. మళ్లీ హాన్ లిక్ మొదట వాడిన పీజో సూత్రమే. చైనా 2022 సెప్టెంబరులో పీల్చే కోవిడ్ టీకాని ఇలాంటి తుంపర రూపంలోనే అనుమతించింది. అయితే తుంపర అనగానే సూది ఓడిపోతుందనుకోకూడదు. మహారాష్ట్ర పల్లెల్లో 2,004 మంది పసిపిల్లల మీద తట్టు టీకాని రెండు విధాలా పరీక్షించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం సూది వేసినవాళ్లలో 94.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపిస్తే, పీల్చినవాళ్లలో 85.4 శాతం మందిలోనే కనిపించాయి.

ఇది చదివి ఎవరైనా పాత వేప్‌లో నీలగిరి తైలం పోద్దామనుకుంటే, దయచేసి వద్దు. జలుబు చేస్తే దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం వేరు, నూనె చుక్కలని ఊపిరితిత్తుల అడుగుదాకా పంపడం వేరు. 2019లో అమెరికాలో వేప్ వాడేవాళ్లు వరసగా ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. చాలావరకు గంజాయి సారం ఉన్న సరుకులో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌తో ఆ జబ్బుకి బలమైన సంబంధం తేలింది. అదే పదార్థం మాత్రల్లో మింగుతాం, క్రీముల్లో రాసుకుంటాం, ఏమీ కాదు. కడుపుకి అరిగించుకోవడం తెలుసు, ఊపిరితిత్తికి ఆ పని రాదు.

మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నిటినీ నిషేధించింది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ ఆ చట్టం రాసిన నిర్వచనం ఓసారి చదవదగ్గది. నికోటిన్ ఉన్నా లేకున్నా, ఒక పదార్థాన్ని వేడి చేసి పీల్చుకోవడానికి ఏరోసాల్ (గాలిలో తేలే సన్నటి తుంపర) పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం అంటుంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద లైసెన్సు పొందిన వస్తువుని మాత్రం మినహాయించింది. అంటే వేడితో మందిచ్చే పరికరం చేయాలనుకున్నవాళ్లకి దారి మూసుకుపోలేదు, ఔషధ నియంత్రణ శాఖ గుమ్మం మీదుగా పోతుంది. అక్కడ అడిగేది బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందని కాదు. కాయిల్ కొత్తదైనా పాతబడినా, మెల్లగా పీల్చినా గట్టిగా పీల్చినా, మొదటి పీల్పులో వచ్చినంత మందే చివరి పీల్పులోనూ వస్తోందని కొలిచి చూపించమంటారు.