పాత పీసు కోసం కొత్తదాని ధర తగ్గించే లెక్క

విశాఖపట్నం గాజువాకలో స్పేర్ పార్టుల షాపు నడిపే ఒక పాఠకుడు ఇలా అడిగారు: "పాత ఆల్టర్నేటర్లు (బండి ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే పార్టులు) వెనక్కి తీసుకుని, బాగుచేసి, వారంటీ ఇచ్చి, దాదాపు సగం ధరకి కంపెనీయే అమ్ముతోందండీ. కొత్తది కొందామని వచ్చినవాడు కూడా దానికే పోతున్నాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు కాదా?"

కొందరు అటు పోతారు, నిజమే. ఎంతమంది పోతారో, అయినా కంపెనీకి ఎందుకు గిట్టుబాటో లెక్కేసి చూద్దాం. ఈ లెక్కంటే నాకు చాలా ఇష్టం, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక్క మాట. రిపేరులో పాడైనది మాత్రమే మారుస్తారు. ఈ కంపెనీ చేసేదాన్ని రీమాన్యుఫాక్చరింగ్ అంటారు, ఇందులో మొత్తం విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవన్నీ మార్చి, టెస్టు చేసి అమ్ముతారు. కాటర్‌పిల్లర్ 1973 నుంచి ఈ పని చేస్తోంది. స్టీల్ ప్లాంటు ఊరి వాళ్లం కాబట్టి పాత ఇనుమంటే మనకి కరిగించడమే గుర్తొస్తుంది. కానీ కరిగిస్తే లోహం ధర ఒక్కటే చేతికొస్తుంది. పోత పోసిన ఖర్చు, లేతు పట్టిన ఖర్చు, వైండింగ్ చుట్టిన కూలీ అన్నీ కొలిమి పాలవుతాయి.

ఆటోనగర్‌లో ఆల్టర్నేటర్ విప్పుతున్న బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. తిరిగే ఇరుసు మీది స్లిప్ రింగుల మీద కార్బన్ బ్రష్‌లు రుద్దీ రుద్దీ గాడి పడి ఉంటుంది. గాడి లోతు తక్కువైతే లేతు మీద సమం చేస్తారు. బేరింగుని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటారు, గరగర వినిపిస్తే పక్కన పడేస్తారు. స్టేటర్ వైండింగ్ (కదలని భాగంలోని రాగి తీగ చుట్ట) నల్లబడి మాడు వాసన కొడితే మాత్రం ఖర్చు అమాంతం పెరుగుతుంది. పోర్టు రోడ్డులో తిరిగిన లారీదైతే ఉప్పుగాలికి అల్యూమినియం బాడీ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది, బోల్టు తిప్పబోతే తల ఊడి చేతికొస్తుంది. ఏ రెండు పాత పీసులూ ఒకేలా ఉండవు. పైగా ఇవి ఆర్డరిస్తే వచ్చే ముడిసరుకు కాదు. ఎక్కడో ఎవరి బండో ఆగిపోవాలి, అప్పుడే ఒకటి దొరుకుతుంది.

ఇక లెక్క. అంకెలు సులువుగా ఉండాలని నేను పెట్టుకున్నవే. 160 మంది కొనుగోలుదారులు ఉన్నారనుకోండి. కొత్త ఆల్టర్నేటర్‌కి ఒకడు ఏమీ ఇవ్వనంటాడు, ఇంకొకడు 10,000 రూపాయల దాకా ఇస్తానంటాడు. మిగతావాళ్లు ఈ మధ్యలో సమంగా పరుచుకుని ఉన్నారు. కొత్తది తయారుచేయడానికి 4,000 ఖర్చు. బాగుచేసినదాన్ని ప్రతివాడూ కొత్తదాని విలువలో 60 శాతంగా చూస్తాడు. పాత పీసుకిచ్చే ఎక్స్ఛేంజ్ డబ్బుతో కలిపి దానికి 1,500 అవుతుంది.

ఈ 60 శాతంలో భయాలూ నమ్మకాలూ కూడా కలిసి ఉంటాయి. శనివారం ఇనుము కొననివాళ్లు మనలో ఎంతమంది లేరు! యాక్సిడెంట్ అయిన బండిలోంచి తీసిన పార్టు అంటే దోషం అంటుకుంటుందని వద్దనేవాళ్లూ ఉన్నారు. బేరింగుకి దోషం అంటదు, దుమ్ము అంటుతుంది. కానీ ధర కట్టేవాడికి ఈ వాదన పనికిరాదు. కొనేవాడి మనసులో ఎంత ఉంటే అంతే విలువ.

కొత్తది ఒక్కటే అమ్మితే సరైన ధర 7,000. 48 మంది కొంటారు, ఒక్కోదాని మీద 3,000 చొప్పున లాభం 1,44,000. ఇప్పుడు బాగుచేసిన పీసు కూడా పెడదాం, పాత పీసులు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయనుకుందాం. దాని సరైన ధర 3,750 అని తేలుతుంది, కొత్తది 7,000 దగ్గరే ఉంటుంది. కొత్తది కొనేవాళ్లు 48 నుంచి 30కి పడిపోతారు. అంటే 18 మంది జారిపోయారు, మా పాఠకుడి టెన్షన్ ఇదే. కానీ బాగుచేసినవి కూడా 30 అమ్ముడవుతాయి. అందులో 18 మంది జారినవాళ్లు, 12 మంది అంతకుముందు షాపు గుమ్మం తొక్కనివాళ్లు. మొత్తం లాభం 90,000, 67,500 కలిపి 1,57,500. కన్ను పోలేదు సరికదా, 13,500 మిగిలింది.

అయితే ఆ 30 పాత పీసులు ఎక్కడివి? ఏడాదికి 30 కొత్తవి అమ్మి, 30 పాతవి వెనక్కి రావాలంటే అమ్మిన ప్రతిదీ తిరిగి రావాలి. అది జరిగే పని కాదు. సగమే వస్తాయనుకుందాం, ఒక పీసుని ఒక్కసారే బాగుచేయగలమనుకుందాం, ఏటా ఇదే వరస సాగుతోందనుకుందాం. అప్పుడు బాగుచేసినవాటి ధర 3,879కి పెరుగుతుంది. సరుకు కొరత కాబట్టి ఇందులో వింతేమీ లేదు. వింత రెండో వైపు ఉంది. కొత్తదాని ధర 7,000 నుంచి 6,936కి తగ్గుతుంది!

ఎందుకు? రైతు వడ్లన్నీ అమ్ముకోడు, కొన్ని విత్తనానికి దాస్తాడు. దాచినవాటి మీద ఈ ఏడు వచ్చే డబ్బు వదులుకుంటాడు. కంపెనీకి కొత్త ఆల్టర్నేటర్ సరుకే కాదు, విత్తనం కూడా. ఇవాళ అమ్మిన ప్రతి కొత్త పీసూ రేపు అర పాత పీసుగా తిరిగొస్తుంది. అందుకే కొత్తదాన్ని తన సొంత లాభం చెప్పినదానికంటే కాస్త ఎక్కువే చల్లాలి. ఎంత ఎక్కువంటే, చివర అమ్మిన కొత్త పీసు దగ్గర, దాన్ని అమ్మడానికి మిగతావాటి ధర తగ్గించిన కోత కూడా కలిపితే, దాదాపు 129 రూపాయల నష్టం కనిపించేదాకా. ఆ నష్టాన్ని తిరిగొచ్చే అర పీసు పూడుస్తుంది, అంటే ఒక పూర్తి పాత పీసు విలువ దానికి రెట్టింపు, 257.

ఈ 257 మామూలు అంకె కాదు. క్లాసుల్లో, ఇలాంటి పరిమితి ఉన్న లెక్కలకి, దీన్నే లాగ్రాంజ్ గుణకం అని బోర్డు మీద లాంబ్డా రాసి, డెరివేటివ్ సున్నా అని తేల్చి, పరీక్షలో వస్తుందని చెప్పి వదిలేస్తారు. లాంబ్డా అంటే పాత పీసుకి ఇంకెంత ఎక్కువ ఇవ్వొచ్చో చెప్పే ధర అని ఒక్క వాక్యం చేరిస్తే వెనక బెంచీవాడు కూడా తల ఎత్తుతాడు. బాగుచేసి అమ్మితే పీసుకి 2,379 మిగులుతోంది కదా, మరి పాతదానికి ఇంకో వెయ్యి ఇస్తే ఏం పోయిందనిపిస్తుంది. పోతుంది. అదనంగా వచ్చిన ఒక్క పీసుని అమ్మాలంటే మిగతా అన్నిటి ధరా కాస్త తగ్గాలి, కొత్తవాటితో సహా. ఆ కోత పోగా మిగిలేది 257.

పాత పీసులు ఎవరు పోగుచేయాలన్న ప్రశ్నకి సవాస్కన్, భట్టాచార్య, వాన్ వాసెన్‌హోవ్ అనే పరిశోధకులు 2004లో ఒక జవాబు చెప్పారు. వాళ్ల మోడల్లో కంపెనీ, బయటి కాంట్రాక్టరు, షాపువాడు ముగ్గురిలో షాపువాడు పోగుచేస్తేనే కంపెనీకి ఎక్కువ లాభం. పాతదాని మీద కూడా అతనికి డబ్బొస్తుంది కాబట్టి, అమ్మకం పెంచుకోవడానికి తన మార్జిన్ తనే తగ్గించుకుంటాడు. కాంట్రాక్టరు చేతిలో షాపు ధర ఉండదు.

కాబట్టి కంపెనీ ఏజెంటు మీ షాపుకొచ్చి పాత పీసుకి ఇంకో రెండొందల కంటే పెంచనంటే పిసినారి అనుకోకండి. అతని ఆఫీసులో ఎవరో ఈ లెక్క వేసే ఉంటారు. పక్క వీధిలో ఇంకొకడు అవే పాత పీసులు కొని, బాగుచేసి, తన స్టిక్కరు అంటించి అమ్ముతున్నాడనుకోండి, అప్పుడు బేరం ఆడండి. అతని చేతికి వెళ్లే ప్రతి పీసూ కంపెనీ అమ్మకానికి ఎదురొస్తుంది, విత్తనం ఇక్కడిది, పంట అక్కడిది అవుతుంది. ఫెర్గూసన్, టోక్టే అనే పరిశోధకులు 2006లో ఇదే చూపించారు. పోటీవాడు రాకుండా ఉండాలంటే, కొన్ని పరిస్థితుల్లో కంపెనీ ఆ పాత పీసులు ముందే కొనేసి, బాగుచేయకుండా తుక్కులో పడేసినా లాభమే.