డీజిల్ లారీ ఇంజన్ చల్లగా నడుస్తోందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంజన్ ఓవర్‌హీట్ అయితే బండి ఆగుతుంది కాబట్టి వెంటనే చూస్తారు. వేడి చాలకపోతే బండి నడుస్తూనే ఉంటుంది, అందుకే నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. ఈలోగా లోపల లైనర్లు (సిలిండర్ లోపలి గోడలు), పిస్టన్ రింగులు అరుగుతూనే ఉంటాయి.

అపోహ: ఎంత చల్లగా ఉంటే ఇంజన్‌కి అంత మంచిది.

వాస్తవం: హెవీ డీజిల్ ఇంజన్లలో చాలావాటికి కూలెంట్ (ఇంజన్‌లో తిరుగుతూ వేడిని మోసుకుపోయే ద్రవం) 80-95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. లోడు మీద కూడా 70 దాటడం లేదంటే అది లోపమే. సిలిండర్ గోడ చల్లగా ఉంటే డీజిల్ పూర్తిగా మండదు. మండని డీజిల్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్కనుంచి కింద ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. మంటలో పుట్టిన నీటి ఆవిరి గోడ మీద చెమ్మగా మారి, ఇంధనంలోని గంధకం వల్ల ఆమ్లమై లైనర్‌ని తినేస్తుంది. తెల్ల పొగ, డీజిల్ ఎక్కువ తాగడం, క్యాబిన్ హీటర్ గోరువెచ్చగా రావడం పైకి కనిపించే గుర్తులు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లలో ఆ మసిని కాల్చేసే రీజనరేషన్ మొదలవకపోవచ్చు.

అపోహ: థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని బట్టి తెరుచుకునే వాల్వ్) తీసేస్తే ఓవర్‌హీట్ బాధ ఉండదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అలవాటే. చాలా ట్రక్కు ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది: రేడియేటర్ దారి తెరుస్తూనే, కూలెంట్‌ని రేడియేటర్‌కి పోకుండా తిరిగి ఇంజన్‌లోకే పంపే బైపాస్ దారి మూస్తుంది. తీసేస్తే రెండూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఖాళీ బండి నడిచేటప్పుడు అక్కర్లేకపోయినా కూలెంట్ రేడియేటర్‌కి పోతుంది, ఇంజన్ వేడెక్కదు. పూర్తి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కొంత కూలెంట్ చల్లబడకుండానే బైపాస్ గుండా మళ్లీ ఇంజన్‌లోకి వస్తుంది. అంటే దేనికి భయపడి తీశారో అదే జరుగుతుంది. ఓవర్‌హీట్ ఉంటే మూసుకుపోయిన రేడియేటర్, జారుతున్న బెల్టు, అరిగిన వాటర్ పంపు చూడండి. థర్మోస్టాట్ మాత్రం దాని చోట ఉండాల్సిందే.

అపోహ: గేజ్ ముల్లు కింద ఉందంటే థర్మోస్టాట్ పోయినట్టే.

వాస్తవం: ముందు ముల్లు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవాలి. ఇంజన్ చల్లారాక కూలెంట్ మూత తీసి మట్టం చూడండి. మట్టం తగ్గి సెన్సర్ మొన గాలిలో ఉంటే, ఇంజన్ కాలిపోతున్నా గేజ్ తక్కువే చూపించవచ్చు. సెన్సర్ కనెక్టర్‌లో తుప్పు పట్టినా అంతే: ఈ సెన్సర్లలో ఎక్కువ వాటికి వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, కాబట్టి తుప్పు వల్ల చేరే రెసిస్టెన్స్ చలిలాగే కనబడుతుంది. తర్వాత థర్మోస్టాట్ హౌసింగ్ (అది కూర్చునే లోహపు గూడు) మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడండి. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, అందుకని నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. హౌసింగ్ 83 చూపిస్తూ గేజ్ 60 దగ్గరే ఉంటే లోపం సెన్సర్‌లోనో, వైరింగ్‌లోనో, గేజ్‌లోనో ఉంది.

చలి నిజమేనని తేలితే, రాత్రంతా ఆగిన ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ ఉష్ణోగ్రతను అదే థర్మామీటర్‌తో చూస్తూ ఉండండి. కూలెంట్ 80 దగ్గరికి వచ్చేదాకా హోస్ చల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషాల నుంచే మెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ తెరుచుకోవాల్సిన వేడి రాకముందే కూలెంట్ దాన్ని దాటిపోతోందన్నమాట.

అప్పుడు థర్మోస్టాట్ విప్పి, గిన్నె అడుగుకి తగలకుండా నీళ్లలో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత, ఉదాహరణకి 82, దగ్గర తెరుచుకోవడం మొదలై, మరో 10-15 డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి. చల్లారాక సందు లేకుండా మూసుకోవాలి. ఈ చివరిది చాలామంది చూడరు.

అపోహ: కొత్త థర్మోస్టాట్ వేసినా చల్లగానే ఉందంటే కారణం అది కాదు.

వాస్తవం: తొందరపడి ఆ మాట అనకండి. హౌసింగ్‌లోని రబ్బరు సీల్ చిరిగినా, తిరగబడినా కూలెంట్ థర్మోస్టాట్ పక్కనుంచి కారిపోతుంది. రెండు థర్మోస్టాట్లు ఉండే ఇంజన్లో ఒకటే మార్చి ఉండొచ్చు. మార్చేటప్పుడు రెండూ, సీల్స్‌తో సహా మార్చాలి. తక్కువ డిగ్రీలది వేసి ఉండొచ్చు. గాలి పోయే చిన్న రంధ్రం ఉంటే అది పైవైపు రావాలి.

అపోహ: ఫ్యాన్ ఆగకుండా తిరగడం వల్లే చల్లబడుతోంది.

వాస్తవం: థర్మోస్టాట్ బిగుతుగా మూసుకుంటుంటే ఒక్క ఫ్యాన్ ఇంజన్‌ని అంతగా చల్లబరచలేదు. థర్మోస్టాట్ కారుతుంటే మాత్రం ఫ్యాన్ తోడై ఉష్ణోగ్రతను ఇంకా కిందికి లాగుతుంది. క్లచ్ (అక్కర్లేనప్పుడు ఫ్యాన్‌ని విడదీసే భాగం) పట్టేసిన ఫ్యాన్ డీజిల్ ఎలాగూ తినేస్తుంది కాబట్టి దాని రిపేరు వదిలేయొద్దు. గాలి ఒత్తిడితో విడిపోయే రకం క్లచ్ అయితే ముందు గాలి పైపు లీకు చూడండి.

అపోహ: బండి కదలకుండా ఇంజన్‌ని ఐడిల్‌లో ఉంచితే వేడెక్కుతుంది.

వాస్తవం: ఐడిల్‌లో డీజిల్ ఇంజన్ మండించే ఇంధనం చాలా తక్కువ, లాగే గాలి చాలా ఎక్కువ. చలిలో అలా ఉంచితే ఉష్ణోగ్రత పడిపోవడం లోపం కూడా కాదు. ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఆయిల్ ప్రెషర్ వచ్చాక మెల్లగా నడిపితేనే వేడెక్కుతుంది.

అపోహ: ఆయిల్ మూత కింద పాలలాంటి జిడ్డు ఉంటే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీల్) పోయి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది.

వాస్తవం: కూలెంట్ మట్టం తగ్గకుండా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే అది ఎక్కువగా చల్లటి ఇంజన్‌లో పేరుకున్న చెమ్మే. హెడ్ విప్పే ముందు ఉష్ణోగ్రత సరిచేసి చూడండి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే మాత్రం ఇంజెక్టర్లు కూడా పరీక్షించి, ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చండి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి.