సున్నా వచ్చిందంటే ఖాళీ అనేనా?

జేసన్ (డేటాని జాబితాలుగా, పేరు-విలువ జతలుగా రాసే టెక్స్ట్ పద్ధతి) ఫైల్లో ఎన్ని రికార్డులున్నాయో చూడాలంటే, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌కి అలవాటుపడ్డవాళ్ల చెయ్యి ముందు టెక్స్ట్ వెతికే గ్రెప్ కమాండ్ మీదికే పోతుంది. పక్కన మైనస్ సీ పెడితే లెక్క చెబుతుంది కదా! చెబుతుంది, కానీ అది లెక్కపెట్టేది లైన్లని. ఖాళీలన్నీ తీసేసి కుదించిన జేసన్‌లో వెయ్యి రికార్డులున్నా ఉండేది ఒక్క లైనే, కాబట్టి జవాబు 1. పోనీ కామాలు లెక్కపెడదామంటే అవి అడ్రసుల్లోనూ ఉంటాయి, లోపలి అర్రేల్లోనూ (అంటే జాబితాల్లోనూ) ఉంటాయి.

ఈ పనికి జేక్యూ అనే కమాండ్ ఉంది. స్టీఫెన్ డోలన్ 2012లో విడుదల చేశాడు. మొదట హాస్కెల్‌లో రాసి, తర్వాత సీ లోకి మార్చాడు. ఇది అక్షరాలు వెతకదు, జేసన్ నిర్మాణాన్నే చదువుతుంది. జేక్యూ అని కొట్టి, కోట్స్‌లో లెంగ్త్ అని రాసి, ఫైలు పేరిస్తే అర్రేలో ఎన్ని అంశాలున్నాయో చెప్పేస్తుంది.

అయితే లెంగ్త్ అర్రేలకే పరిమితం కాదు, అసలు తిరకాసు అక్కడే. ఆబ్జెక్ట్ (పేరు-విలువ జతల గుంపు) ఇస్తే కీలు, అంటే ఆ పేర్లు, ఎన్నో చెబుతుంది. స్ట్రింగ్ (టెక్స్ట్ ముక్క) ఇస్తే యూనికోడ్ కోడ్ పాయింట్లు, అంటే కంప్యూటర్ విడివిడిగా నంబరిచ్చే గుర్తులు, లెక్కపెడుతుంది. మన కంటికి ఒక్కటిగా కనిపించే ‘శ్రీ’కి 4 వస్తుంది: శ, పొల్లు, ర, దీర్ఘం. సంఖ్య ఇస్తే మైనస్ గుర్తు తీసేసి అదే సంఖ్య తిరిగి ఇస్తుంది. ట్రూ, ఫాల్స్ ఇస్తే మాత్రం ఎర్రర్.

నల్ (విలువేమీ లేదని చెప్పే గుర్తు) ఇస్తే 0. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం ఇదే. ఆబ్జెక్ట్‌లో లేని కీ అడిగితే జేక్యూ గొడవ చెయ్యదు, నల్ ఇచ్చి ఊరుకుంటుంది. ఐటెమ్స్ అన్న కీలో మొదటి అక్షరం పొరపాటున పెద్దది కొట్టారనుకోండి, దాని లెంగ్త్ 0 అని వస్తుంది, డేటా లేదేమో అనుకుంటాం. అనుమానం వస్తే లెంగ్త్ బదులు టైప్ అని అడగాలి. అర్రే అంటే నిజంగానే ఖాళీ, నల్ అంటే కీ పేరు చూసుకోవాలి.

కమాండ్ సరిగ్గా ఉన్నా లెక్క తప్పే సందర్భాలూ ఉన్నాయి. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ ఏపీఐని (ప్రోగ్రాములు డేటా అడిగే దారిని) ఒక ప్రాజెక్టు ఇష్యూలు, అంటే అందులో నమోదైన సమస్యలు, అడిగి లెంగ్త్ వేస్తే 30 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వచ్చింది మొదటి పేజీయే. పేజీకి 100 దాకా అడగొచ్చు, అంతకు మించి ఇవ్వదు. పైగా ఆ జాబితాలో పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో మార్పులు కలపమనే అభ్యర్థనలు) కూడా కలిసే వస్తాయి. వాటికి పుల్ రిక్వెస్ట్ అనే కీ ఉంటుంది కాబట్టి, మ్యాప్‌లో సెలెక్ట్ పెట్టి ఆ కీ లేనివాటినే ఉంచి, ఆ తర్వాత లెంగ్త్ వెయ్యాలి.