బ్యాటిల్‌ఫీల్డ్ 6 మీద మా కుర్రాళ్ల అపోహలు, అసలు సంగతులు

భీమవరంలో గేమింగ్ సెంటర్ నడుపుతూ పీసీలు కూడా అసెంబుల్ చేసి ఇస్తుంటాను. 2025 అక్టోబర్ 10న బ్యాటిల్‌ఫీల్డ్ 6 అనే ఈ యుద్ధం షూటింగ్ గేమ్ వచ్చిన దగ్గర్నుంచి పాలకొల్లు, నరసాపురం, ఆకివీడు కుర్రాళ్లు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. గేమ్ బాలేదని చెప్పేవాళ్లలో చాలామందికి తేడా వచ్చింది గేమ్‌తో కాదు, వాళ్ల పీసీతోనో నెట్ లైన్‌తోనో.

అపోహ: "సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే పీసీ పోతుందంట కదన్నా?"

పోదు తమ్ముడూ. పీసీ ఆన్ అయ్యేటప్పుడు లోడయ్యే సాఫ్ట్‌వేర్ నమ్మదగినదా కాదా అని చూసే తనిఖీ అది, అంతే. ఈ గేమ్‌కి కాపలా కాసే జావెలిన్ అనే యాంటీ-చీట్ (మోసం చేసి ఆడేవాళ్లని పట్టే సాఫ్ట్‌వేర్) సెక్యూర్ బూట్ ఆన్‌లో లేకపోతే ఆడనివ్వదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, సెకండ్ హ్యాండ్ పీసీల్లో చాలావాటికి విండోస్‌ని పాత లెగసీ పద్ధతిలో ఎక్కించి ఉంటారు, అది చూసుకోకుండా ఏదో వీడియో పెట్టుకుని బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే పీసీ సెట్టింగుల్లో) ఆ పాత పద్ధతిని నడిపించే సీఎస్ఎం ఆపేస్తే విండోస్ రాదు, ఇక ఇంట్లో ఏమంటారోనని టెన్షన్. డేటా ఎక్కడికీ పోదు, పాత సెట్టింగ్ పెడితే మళ్లీ వస్తుంది. అందుకే ముందు సెర్చ్‌లో ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టి 'బయోస్ మోడ్' ఎదురుగా ఏముందో చూడండి. యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉంటే నేరుగా సెక్యూర్ బూట్ ఆన్ చేసుకోవచ్చు. లెగసీ అని ఉంటే ఫొటోలు, కాలేజీ ఫైళ్లు వేరే డ్రైవ్‌లో దాచుకుని, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో డిస్క్‌ని కొత్త పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయోస్ జోలికి వెళ్లండి. భయమైతే తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, తప్పేం లేదు.

అపోహ: "గ్రాఫిక్స్ బాగా తగ్గించి పెడితే ఏ పీసీలోనైనా ఆడుద్ది."

కనీసం ఆర్టీఎక్స్ 2060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ కావాలని వాళ్లే చెప్పారు. 8 జీబీతో ఆడి కుదుపులొస్తున్నాయని గేమ్‌ని తిట్టకండి. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకి కావాల్సిన చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటుంది, అది పూర్తయ్యేదాకా ఆగండి.

అపోహ: "మాది 300 ఎంబీపీఎస్ ప్లాన్, లాగ్ రాదు."

డౌన్‌లోడ్‌కి బ్రహ్మాండం. లాగ్ అంటే మనం నొక్కింది గేమ్ సర్వర్‌కి చేరి తిరిగి రావడానికి పట్టే ఆలస్యం. కానీ సర్వర్ ముంబైలోనే ఉందనుకున్నా, భీమవరం నుంచి గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 950 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెళ్లి రావడానికే దగ్గర దగ్గర 10 మిల్లీసెకన్లు. లైను ఎన్ని ఊళ్లు తిరిగి వెళ్తే అంత పెరుగుతుంది. ఎంత పెద్ద ప్లాన్ వేయించుకున్నా ఆ దూరం తగ్గదు. రూటర్ హాల్లో, పీసీ పడగ్గదిలో పెట్టుకుని వైఫైలో ఆడేవాళ్లు ముందు ఒక ల్యాన్ కేబుల్ లాగించుకోండి.

అపోహ: "బీటా చూశాంగా, మ్యాపులన్నీ చిన్నవే."

విడుదలకి ముందు ఆగస్టులో పరీక్షగా ఆడించిన బీటాలో చూపించిన మ్యాపులు చాలావరకు ఇరుకే, ఆ గోల నాకూ నచ్చలేదు. అసలు గేమ్‌లో మిరాక్ వ్యాలీ, ఆపరేషన్ ఫైర్‌స్టార్మ్ లాంటి పెద్దవి ఉన్నాయి, ట్యాంకులు, హెలికాప్టర్లు తిరగడానికి చోటుంది. స్లైడ్ కొట్టి ఎగిరే వేగం కూడా బీటా తర్వాత తగ్గించారు. మంచి పని చేశారు.

అపోహ: "ఎక్కువ కిల్స్ కొట్టినోడే మొనగాడు."

దీని దగ్గరే నాకు బాధేస్తుంది, ఎందుకంటే గేమ్‌లో అసలు రుచి ఇక్కడే ఉంది. కాంక్వెస్ట్‌లో, అంటే జెండాలున్న చోట్లు పట్టుకునే ఆటలో, అటు 32, ఇటు 32 మంది. పడిపోయిన స్క్వాడ్ మేట్‌ని కాలర్ పట్టుకుని గోడ చాటుకి ఈడ్చుకెళ్తూనే లేపొచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. సపోర్ట్ పాత్ర తీసుకున్నవాడు తూటాలు అందిస్తాడు, ఇంజనీర్ ట్యాంక్ వెనక నక్కి రిపేర్ చేస్తుంటాడు. మా సెంటర్‌లో బీజీఎంఐ అనే మొబైల్ గేమ్ నుంచి వచ్చిన కుర్రాళ్లకి గురి ఇంకా కుదరలేదు, కానీ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటూ ఆడతారు కాబట్టి ఒంటరిగా పరిగెత్తేవాళ్ల కంటే వీళ్లే జెండాలు పట్టేస్తున్నారు. గురి సంగతంటారా, విండోస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' తీసేసి, సెన్సిటివిటీ బాగా తగ్గించి, మణికట్టుతో కాకుండా మోచేతి నుంచి మౌస్ కదపడం అలవాటు చేసుకోండి.